యుద్ధకాలపు షిప్‌యార్డులు, ఆస్బెస్టాస్ దుమ్ము: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు కట్టినవాళ్ల సంగతి ఎత్తిన ప్రతిసారీ నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. కొందరు కుతూహలం కొద్దీ అడుగుతారు, కొందరు ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకుని అడుగుతారు. రెండో రకం వాళ్లు చివర్లో ఉన్న ప్రశ్నలు ముందు చదవండి. చదివాక డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్లండి.

అసలు ఏం జరిగింది? క్లుప్తంగా చెప్పండి.

యుద్ధం నడిచినన్నాళ్లూ అమెరికా, బ్రిటన్ రేవుల్లో రాత్రింబవళ్లు ఓడలు కట్టారు. ఒక్క అమెరికా షిప్‌యార్డుల్లోనే ఆ కాలంలో సుమారు 45 లక్షల మంది పనిచేశారని అంచనా. ఆ ఓడల్లో వేడి తగిలే ప్రతిచోటా ఆస్బెస్టాస్ వాడారు. ఆ దుమ్ము పీల్చినవాళ్లలో ఎక్కువమందికి అప్పుడేమీ కాలేదు. యుద్ధం అయిపోయింది, వేరే ఉద్యోగాల్లో చేరారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు. మనవల్ని ఎత్తుకునే వయసులో ఆయాసం మొదలైంది. దానికి కారణం ముప్పై ఏళ్ల కిందటి పని అని వాళ్లకూ తట్టలేదు, చూసిన డాక్టర్లలో చాలామందికీ తట్టలేదు. కింద రాసినదంతా ఒక రకంగా ఆ ముప్పై ఏళ్ల ఎడం గురించే.

ఆస్బెస్టాస్ అంటే మన సిమెంటు రేకుల్లో ఉండేదేనా?

అదే. తెలుగులో దాన్ని రాతినార అంటారు, ఆ పేరు దానికి సరిగ్గా సరిపోయింది. భూమిలోంచి తవ్వి తీసే రాయే, కానీ నారలా పోగులు పోగులుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు. వేడిని బయటికి పోనివ్వదు. నూలులా వడికి బట్ట కూడా నేయొచ్చు.

ఇందులో రకాలున్నాయి. రేకుల్లో కలిపేది తెల్లది, క్రైసోటైల్. యుద్ధనౌకల్లో గొట్టాలకూ బాయిలర్లకూ ఎక్కువగా చుట్టింది గోధుమరంగుది, అమోసైట్. అది దక్షిణాఫ్రికా గనుల నుంచి వచ్చేది. 'ఆస్బెస్టాస్ మైన్స్ ఆఫ్ సౌతాఫ్రికా' అనే మాటల మొదటి అక్షరాలతోనే దానికి ఆ పేరు పెట్టారు. బరువు తక్కువ, వేడికి బాగా ఆగుతుంది. ఓడలో ప్రతి కిలో బరువూ లెక్కే కాబట్టి నౌకాదళం దాన్ని ఏరికోరి తీసుకుంది.

చిక్కంతా ఆ పోగుతోనే. విరిచినా కోసినా అది నిలువునా చీలుతూ, కంటికి కనపడనంత సన్నబడి గాల్లో తేలుతుంది. పీలిస్తే ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. లోపలికొచ్చిన దుమ్మును మింగేసే కణాలు మన ఒంట్లో ఉంటాయి కానీ, ఈ పోగు పొడవు వాటి కంటే ఎక్కువ. సగం మింగి, మిగతా సగం మింగలేక ఆ కణం చచ్చిపోతుంది. ఆ చోట వాపు పుడుతుంది. పోగు మాత్రం అక్కడే ఉంటుంది, దశాబ్దాల తరబడి.

ఓడకు అంత ఆస్బెస్టాస్ దేనికి?

అప్పటి ఓడలు ఆవిరితో నడిచేవి. బాయిలర్, టర్బైన్, ఓడంతా పాకిన ఆవిరి గొట్టాలు, వాటి మూతలు, కవాటాలు అన్నీ సలసలా కాగుతుంటాయి. వాటికి తొడుగు లేకపోతే లోపల మనిషి నిలబడలేడు, ఇంధనమూ దండగ. పైగా సముద్రం మధ్యలో ఓడ అంటుకుంటే పారిపోవడానికి చోటుండదు. అందుకే ఇంజిను గదుల్లోనే కాకుండా గోడల్లో, వైర్ల చుట్టూ, తలుపుల అంచుల్లో కూడా అదే పెట్టారు. వెల్డింగ్ చేసేవాళ్ల చేతి తొడుగులు, నిప్పురవ్వలు పడకుండా కప్పుకునే దుప్పట్లు కూడా ఆస్బెస్టాస్‌వే.

ఇక ఆ వేగం చూడండి. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో కైజర్ యార్డుల్లో 1942 నవంబరులో ఒక లిబర్టీ ఓడను (యుద్ధకాలంలో ఒకే నమూనాలో కట్టిన సరుకు ఓడ) అడుగు దూలం వేసిన దగ్గర్నుంచి నీళ్లలోకి వదిలేదాకా నాలుగు రోజుల పదిహేను గంటల్లో ముగించారు. అది ప్రచారం కోసం పెట్టుకున్న పందెమే. కానీ మామూలు రోజుల్లోనూ తొందర తక్కువేం కాదు. యుద్ధం ముగిసేలోపు అమెరికా లిబర్టీ ఓడలే 2,700 పైగా కట్టింది.

ఎవరికి ఎక్కువ తగిలింది?

ముందుగా గొట్టాలకు తొడుగు చుట్టేవాళ్లకు. వాళ్ల పని ఎలా ఉండేదో కాస్త దగ్గరగా చూద్దాం. అమోసైట్ దిమ్మను రంపంతో కోసి, గొట్టం వంపుకు అతికేలా చెక్కాలి. సందులు పూడ్చడానికి బస్తా విప్పి పొడిని బకెట్లో కుమ్మరించి, నీళ్లు పోసి చేత్తో ముద్ద కలపాలి. కుమ్మరించేటప్పుడు ఆ పొడి ముఖం మీదికి మబ్బులా లేచేది. ఆ ముద్దను స్కాట్లండ్ క్లైడ్ నది ఒడ్డున పనివాళ్లు 'కోతి పేడ' అని పిలుచుకునేవాళ్లు. దాన్ని గొట్టానికి మెత్తి, పైన ఆస్బెస్టాస్ బట్ట చుట్టి, సూదీ దారంతో కుట్టేవాళ్లు. రాలిన ముక్కలు కింద పోగుపడేవి. షిఫ్టు చివర చీపురుతో ఊడిస్తే మళ్లీ అంతా గాల్లోకే.

ఇదంతా ఆరుబయట కాదు, ఓడ కడుపులో, గాలాడని ఇరుకు గదుల్లో. అదే గదిలో అదే సమయంలో వెల్డర్, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, పెయింటర్ కూడా పనిచేస్తుంటారు. వాళ్లెవరూ ఆస్బెస్టాస్‌ను చేత్తో ముట్టుకోలేదు, కానీ పీల్చే గాలి అందరిదీ ఒకటే. బ్రిటన్‌లో డెవన్‌పోర్ట్ నౌకా కేంద్రం డాక్టరు హ్యారీస్ 1960ల్లో మెసోథెలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) కేసులు కూడగట్టి చూస్తే, ఎక్కువమంది తొడుగు పనివాళ్లు కానే కాదు, వాళ్ల పక్కన పనిచేసినవాళ్లు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. "నేనెప్పుడూ ఆస్బెస్టాస్ పని చెయ్యలేదు" అన్నంత మాత్రాన ప్రమాదం తప్పినట్టు కాదు.

ఆడవాళ్లూ ఉన్నారు. రిచ్‌మండ్ యార్డుల్లో మంచి ఊపులో ఉన్నప్పుడు దాదాపు 90 వేల మంది పనిచేస్తే, అందులో నాలుగో వంతు పైగా ఆడవాళ్లే. చాలామందికి అది మొదటి ఉద్యోగం. పోస్టర్ల మీద వాళ్ల బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ బొమ్మ చూసినప్పుడల్లా, తర్వాత వాళ్ల ఊపిరితిత్తులు ఏమయ్యాయో కూడా ఎవరైనా పక్కన రాస్తే బాగుండునని నాకనిపిస్తుంది.

యుద్ధం హడావిడిలో తెలియక జరిగిపోయిందేమో?

అలా అనుకోవడం తేలిక. కానీ తేదీలు చూస్తే ఆ మాట నిలబడదు.

ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్ ఆస్బెస్టాస్ మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా అనే ఆవిడ 1924లో ముప్పై మూడేళ్లకే చనిపోయింది. ఆమె ఊపిరితిత్తుల్లో ఆస్బెస్టాస్ పోగులు కనపడ్డాయని డాక్టర్ కుక్ అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1930లో మెర్‌వెదర్, ప్రైస్ అనే ప్రభుత్వాధికారులు మిల్లులు తిరిగి నివేదిక ఇచ్చారు. మరుసటి ఏడాదే బ్రిటన్‌లో దుమ్ము తగ్గించాలని నిబంధనలు వచ్చాయి. అవి ఫ్యాక్టరీల కోసం రాసినవి. ఓడ లోపల గొట్టానికి తొడుగు చుట్టేవాడికి వాటివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు.

అమెరికా కంపెనీలకూ తెలుసు. 1935లో ఒక పెద్ద ఆస్బెస్టాస్ కంపెనీ అధ్యక్షుడు ఇంకో కంపెనీ లాయరుకు ఉత్తరం రాస్తూ, ఈ విషయం గురించి ఎంత తక్కువ మాట్లాడితే మనకంత మంచిదన్నాడు. ఆ ఉత్తరాలు 1970ల్లో కోర్టు కేసుల్లో బయటపడ్డాయి.

ప్రభుత్వమూ తెలియదనడానికి వీల్లేదు. అమెరికా నౌకాదళమూ, వాణిజ్య ఓడల పని చూసే మారిటైమ్ కమిషనూ కలిసి 1943లో షిప్‌యార్డుల కోసం కనీస భద్రతా నియమాలు అచ్చేశాయి. ఆస్బెస్టాస్ దుమ్ముతో ఆస్బెస్టోసిస్ (ఊపిరితిత్తులు మచ్చకట్టే జబ్బు) వస్తుందని అందులోనే ఉంది. దుమ్ము రేగే పనిని వేరే చోట చేయించాలి, గాలి బయటికి లాగే ఏర్పాటుండాలి, మాస్కులివ్వాలి, అప్పుడప్పుడు వైద్య పరీక్షలు చేయించాలి అని కూడా ఉంది. కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. యార్డులో ఓడ గడువు ముందు ఆ కాగితం నిలవలేదు. యుద్ధంలో ఓడలు కావాలి, నేను కాదనను. కానీ పనివాడితో "ఇది పీలిస్తే ప్రమాదం" అని ఒక్క మాట చెప్పడానికి ఓడ ఆపక్కర్లేదు. ఆ మాట చెప్పకపోవడాన్ని నేను క్షమించలేను.

1946లో పరీక్షలు చేసి ప్రమాదం లేదని తేల్చారట కదా?

తేల్చారు. అమెరికాలో ఎంతో కీడు చేసిన అధ్యయనం అదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

నౌకలకు గొట్టం తొడుగులు వేసే 1,074 మందికి ఎక్స్‌రేలు తీశారు. ముగ్గురికే ఆస్బెస్టోసిస్ కనపడింది. దాన్నిబట్టి ఈ పని అంత ప్రమాదకరమేమీ కాదని 1946లో అచ్చేశారు. తర్వాత చాలా ఏళ్లు, ఎవరైనా ప్రశ్నిస్తే ఈ కాగితమే చూపించారు.

ఇప్పుడు ఆ కాగితంలోనే ఉన్న ఇంకో అంకె చూడండి. పరీక్ష చేసినవాళ్లలో 95 శాతం మంది ఆ పనిలో చేరి పదేళ్లయినా కాలేదు. అందులో ఎక్కువమంది యుద్ధం మొదలయ్యాక వచ్చినవాళ్లే. జబ్బు దొరికిన ఆ ముగ్గురూ మాత్రం ఇరవై ఏళ్లకు పైగా అదే పని చేసినవాళ్లు. విత్తనం నాటిన నెలకే పొలానికి వెళ్లి, పంట లేదు కాబట్టి ఇక్కడేమీ మొలవదని రాసినట్టుంది. పొరపాటు ఎక్స్‌రే మిషన్‌లో లేదు, తీసిన సమయంలో ఉంది. అదే మనుషుల్ని 1966లో పిలిచి పరీక్షిస్తే లెక్క వేరేగా ఉండేది. పిలవడానికి అప్పటికి యార్డులు చాలావరకు మూతపడ్డాయి, మనుషులు చెల్లాచెదురయ్యారు.

మరి ఎలా బయటపడింది?

న్యూజెర్సీలోని ప్యాటర్సన్ అనే ఊళ్లో ఇర్వింగ్ సెలికాఫ్ అనే డాక్టరుకు క్లినిక్ ఉండేది. అక్కడి ఫ్యాక్టరీలో నౌకాదళం కోసం అమోసైట్ తొడుగులు తయారుచేసినవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్లు ఒక్కొక్కరే ఊపిరితిత్తుల జబ్బులతో పోవడం ఆయన కళ్లారా చూశాడు. కంపెనీ రికార్డులు ఇవ్వకపోతే యూనియన్ దగ్గరికి వెళ్లాడు. న్యూయార్క్, న్యూజెర్సీ తొడుగు పనివాళ్ల యూనియన్ దగ్గర సభ్యుల చిట్టాలు జాగ్రత్తగా ఉన్నాయి. పాత సభ్యులు 632 మందిని తీసుకుని ఎవరు ఏ జబ్బుతో పోయారో లెక్కగట్టాడు. ఊపిరితిత్తుల క్యాన్సరుతోనో దాని చుట్టూ ఉండే పొర క్యాన్సరుతోనో మామూలుగా ఆరేడుగురు పోవాల్సిన చోట 45 మంది పోయారు. 1964లో ఈ లెక్క అచ్చయింది.

దానికి నాలుగేళ్ల ముందే దక్షిణాఫ్రికాలో వాగ్నర్ బృందం ఆస్బెస్టాస్ గనుల ప్రాంతంలో 33 మెసోథెలియోమా కేసులు చూపించింది. అంతకు ముందు అదెంత అరుదంటే, అలాంటి జబ్బు నిజంగా ఉందా లేదా అని కూడా వాదించుకునేవాళ్లు.

అమెరికా ప్రభుత్వం పాత షిప్‌యార్డు పనివాళ్లను బహిరంగంగా హెచ్చరించింది మాత్రం 1978లో. యుద్ధం ముగిసిన ముప్పై మూడేళ్లకు.

కొద్ది నెలలు పనిచేసినా జబ్బు వస్తుందా?

రావచ్చు. ప్యాటర్సన్ ఫ్యాక్టరీలో యుద్ధకాలంలో కొన్ని నెలలే పనిచేసి మానేసినవాళ్లలో కూడా దశాబ్దాల తర్వాత క్యాన్సర్లు మామూలు కంటే ఎక్కువగా కనపడ్డాయి. ఎంత ఎక్కువ పీలిస్తే అంత ఎక్కువ ప్రమాదం అనేది నిజమే. కానీ ఇంత వరకు ఫరవాలేదు అని గీత గీయడానికి ఆధారం దొరకలేదు. అలాగని పీల్చిన ప్రతివాళ్లకూ వస్తుందని కాదు. చాలామందికి ఏమీ రాదు. టెన్షన్ పడి నిద్ర మానుకోవద్దు, డాక్టరుకు చెప్పి చూపించుకుంటే చాలు.

ఏయే జబ్బులు?

ఆస్బెస్టోసిస్ అంటే ఊపిరితిత్తులు లోపల మచ్చకట్టి బిరుసెక్కడం. మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు, రానురాను నాలుగడుగులు వేసినా ఊపిరందకపోవడం. మచ్చ పోదు, మందుతో వెనక్కి రాదు. ఎక్కువకాలం ఎక్కువ దుమ్ము పీల్చినవాళ్లకు వస్తుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ మామూలుగా సిగరెట్‌తో వచ్చే దానిలాగే ఉంటుంది, చూసి తేడా చెప్పలేరు. అందుకే చాలామంది విషయంలో నింద సిగరెట్ మీదికే పోయింది.

మెసోథెలియోమా ఊపిరితిత్తుల చుట్టూ, కొందరికి పొట్ట లోపల ఉండే పలుచటి పొరలో వచ్చే క్యాన్సర్. దీనికి సిగరెట్‌తో సంబంధం లేదు, దాదాపు ఆస్బెస్టాస్ చేసే పనే. పీల్చిన ఇరవై నుంచి యాభై ఏళ్లకు బయటపడుతుంది. ఒక పక్క ఛాతీలో నొప్పి, నీరు చేరడం. నీరు తీస్తారు, మళ్లీ చేరుతుంది. కనుక్కున్నాక చాలామంది ఏడాది, ఏడాదిన్నరకు మించి బతకరు. 2020 నుంచి ఇమ్యునోథెరపీ మందులు (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి) రెండు కలిపి ఇస్తున్నారు, కొందరికి ఇంకొంత కాలం దక్కుతోంది.

ఇవి కాక ఊపిరితిత్తుల పొర మీద గట్టిపడిన మచ్చలు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. వాటంతట అవి హాని చేయవు, కానీ ఈ మనిషి ఎప్పుడో ఆస్బెస్టాస్ పీల్చాడని చెప్పే సాక్ష్యం.

సిగరెట్ తాగేవాళ్ల సంగతి?

సెలికాఫ్, హామండ్ 1979లో వేసిన లెక్క ఇది. రెండూ లేనివాడితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ప్రమాదం, ఆస్బెస్టాస్ ఒక్కటే ఉంటే ఐదు రెట్లు, సిగరెట్ ఒక్కటే ఉంటే పదకొండు రెట్లు, రెండూ ఉంటే యాభై రెట్ల పైన. పాత పని మార్చలేం. సిగరెట్ ఇవాళ మానేయొచ్చు, మానేస్తే ప్రమాదం నిజంగానే తగ్గుతుంది.

ఇంట్లోవాళ్లకు కూడా వచ్చిందా?

వచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే.

మగమనిషి షిఫ్టు దిగి అదే బట్టలతో ఇంటికొస్తాడు. చొక్కా మడతల్లో, ప్యాంటు అంచుల్లో, జుట్టులో దుమ్ము. పిల్లలు పరిగెత్తుకొచ్చి కాళ్లను చుట్టేసుకుంటారు. భార్య ఆ బట్టలు తీసుకెళ్లి, ఉతకడానికి ముందు గట్టిగా దులుపుతుంది. ఆ దులపడంలోనే ఆమె ఊపిరితిత్తుల్లోకి పోగులు చేరతాయి.

లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు 1965లో 76 మెసోథెలియోమా కేసుల వెనక కథలు వెతికారు. తొమ్మిది మంది ఎన్నడూ ఆస్బెస్టాస్ పని చేయలేదు, ఆ పని చేసే మనిషి ఉన్న ఇంట్లో బతికారు, అంతే. యార్డులో బట్టలు మార్చుకునే గది, స్నానానికి నీళ్లు ఉంటే ఇది ఆగిపోయేది. ఇదేమంత ఖరీదైన వైద్యం కాదు.

ఓడల్లో పనిచేసిన నావికులకు?

వాళ్లకూ. బాయిలర్ గదుల్లో పనిచేసినవాళ్లకు, మరమ్మతులప్పుడు పాత తొడుగు పీకినవాళ్లకు మరీ ఎక్కువ. పదవి చూసి ఆగే జబ్బు కాదిది. అమెరికా నౌకాదళానికి అధిపతిగా చేసిన అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ 2000 జనవరిలో మెసోథెలియోమాతోనే చనిపోయారు.

పరిహారం దొరికిందా?

కొందరికి, ఆలస్యంగా, కొంచెం. నౌకాదళంలో చేసినవాళ్లు ప్రభుత్వం మీద దావా వేయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే కేసులు ఎక్కువగా ఆస్బెస్టాస్ అమ్మిన కంపెనీల మీద నడిచాయి. టెక్సస్‌లో ముప్పై ఏళ్లు తొడుగు పని చేసిన క్లారెన్స్ బోరెల్ కేసులో 1973లో వచ్చిన తీర్పు దారి తెరిచింది. ప్రమాదం తెలిసీ హెచ్చరించకపోతే తయారీదారుదే బాధ్యత అని కోర్టు చెప్పింది. అప్పటికి బోరెల్ లేడు.

తర్వాత కేసులు వెల్లువెత్తాయి. అన్నిటికంటే పెద్ద కంపెనీ జాన్స్ మాన్‌విల్ 1982లో దివాలా కోర్టుకు వెళ్లింది. బాధితుల కోసం 1988లో పెట్టిన ట్రస్టులో డబ్బు చాలక, 1995 నాటికి రావాల్సిన ప్రతి డాలరుకు పది సెంట్ల లెక్కన పంచాల్సి వచ్చింది.

మన విశాఖలో ఓడలు కట్టారు కదా, అక్కడా ఇలాగే జరిగిందా?

విశాఖ యార్డుకు 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక పని ఆగింది. అక్కడ కట్టిన మొదటి పెద్ద ఓడ జల ఉష నీళ్లలోకి దిగింది 1948లో, నెహ్రూ చేతుల మీదుగా. కాబట్టి అమెరికాలో జరిగినట్టు యుద్ధకాలపు దుమ్ము కథ మనకు లేదు.

మనకున్న లింకు ఓడ పుట్టిన చోట కాదు, పోయే చోట ఉంది. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో పాత ఓడలు విప్పుతారు. ఎప్పుడో ఎక్కడో చుట్టిన తొడుగులు అక్కడ మళ్లీ బయటికొస్తాయి. ఫ్రాన్స్ యుద్ధనౌక క్లెమాన్సో 2005 చివర్లో అలంగ్‌కు బయల్దేరి, లోపలున్న ఆస్బెస్టాస్ మీద గొడవ లేవడంతో 2006లో వెనక్కి వెళ్లిపోయింది. మన రాష్ట్రంలోనూ పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవి.

పాత పనిలో ఆస్బెస్టాస్ తగిలిందని అనుమానం ఉంటే ఏం చెయ్యాలి?

డాక్టరుకు ఇప్పటి జబ్బు చెప్పి ఊరుకోకండి. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల కిందట ఎక్కడ ఏ పని చేశారో చెప్పండి. ఓడ రిపేరు, బాయిలర్, థర్మల్ ప్లాంటు, రేకుల ఫ్యాక్టరీ, బ్రేకు లైనింగులు, ఏదైనా సరే. మీరు కాకపోతే ఇంట్లో ఎవరు చేశారో చెప్పండి. మన దగ్గర ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే ముందు అనుమానం టీబీ మీదికే పోతుంది, అది సహజమే. మందులు వాడినా నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే, ఈ పాత పని సంగతి గుర్తుచేసి పొర ముక్క తీసి బయాప్సీ చెయ్యాలేమో అడగండి.

ఆస్బెస్టోసిస్ మన చట్టం ప్రకారం ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బు, ఈఎస్ఐలో వృత్తి జబ్బుగా కూడా ఉంది. సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఆస్బెస్టాస్ పనివాళ్ల ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లో, మానేశాక 15 ఏళ్లో, ఏది తర్వాతొస్తే అప్పటిదాకా దాచాలి. ఆ నలభై అనే అంకె ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ రికార్డు అడిగి తీసుకోండి. జీతం చీటీ, గుర్తింపు కార్డు, పీఎఫ్ కాగితం ఏదున్నా పారేయకండి.

మాది రేకుల ఇల్లు. భయపడాలా?

పగలకుండా, అరగకుండా ఉన్న రేకు కింద ఉన్నందుకు పెద్ద ప్రమాదం లేదు, పోగులు సిమెంటులో ఇరుక్కుని ఉంటాయి. కొయ్యడం, మిషన్‌తో తొలవడం, సుత్తితో పగలగొట్టడం, పొడిగా గీకి కడగడం, ఇవీ ప్రమాదం. అమెరికాలో ఉండి 1980కి ముందు కట్టిన ఇల్లు కొన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, గోడలు పగలగొట్టే ముందు టెస్టు చేయించండి.

రేకు మార్చక తప్పకపోతే ముందు నీళ్లతో బాగా తడపాలి. పగలకొట్టకుండా బోల్టులు విప్పి మొత్తంగా దించాలి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వద్దు. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆగదు, సన్నటి దుమ్మును ఆపే మంచి మాస్కు కావాలి. కింద రాలింది చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా సంచిలో మూట కట్టాలి. ఆ రోజు వేసుకున్న బట్టలు దులపకండి, ఎవరి చేతా దులిపించకండి. అక్కడే విప్పి, నీళ్లలో ముంచి, విడిగా ఉతకండి.